మా నాన్నని తీసేసిన ఉత్తరం

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకాయన చేతిలో కరపత్రాల కట్ట, రెండో ఆయన చేతిలో మిఠాయి పెట్టె. యూనియను ప్రెసిడెంటుగారి విగ్రహం పెడుతున్నారట, గాజువాకలో ఆయన మొదటిసారి గేటు మీటింగులో మాట్లాడిన రోడ్డు మలుపులో. ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నారట. "మీరు ఆయన ఆఫీసులో ఆరేళ్ళు పనిచేశారు కదమ్మా, పైగా కథలూ అవీ రాస్తారు. ఆయన మంచితనం గురించి ఒక్క పేజీ రాసిస్తే చాలు" అన్నారు. టీ ఇచ్చాను. మిఠాయి పెట్టె తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టాను. నా వల్ల కాదని చెప్పి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయాను, తోమినవే మళ్ళీ తోముతూ. వాళ్ళ పేజీలో పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను. నాకు రాయడం వచ్చింది ఆ ఆఫీసులోనే, ఆయన చెబుతుంటే టైపు కొట్టీ కొట్టీ. ఆ ఋణం ఇలాగే తీరాలి.

మా నాన్న పేరు సింహాచలం. గొట్టాల కంపెనీలో వెల్డరు. ఆ కంపెనీకి గేటు మీద పెద్ద ఇంగ్లీషు పేరుండేది గానీ, ఇనుప గొట్టాలు చేసేది కాబట్టి మా పేటలో అందరికీ అది గొట్టాల కంపెనీయే. గాజువాక మెయిన్ రోడ్డు దిగి లోపలికి నడిస్తే వరసగా రేకుల ఇళ్ళు, అందులో మాది చివరిది. ఇంటి నిండా రెండు వాసనలు పోట్లాడుకునేవి. ఒకటి నాన్న బట్టలకి పట్టిన కాలిన ఇనుము వాసన. రెండోది మా నాయనమ్మ ఎండుచేపలది. నాయనమ్మది భీమిలి. అక్కడ ఒడ్డున సావిడాయలూ నెత్తళ్ళూ కొని, మూట కట్టుకుని, బస్సులో కండక్టరుతో తగువాడుతూ వచ్చి మా పేటలో అమ్మేది. నాన్నకి పని ఎక్కువైన రోజు కళ్ళు ఎర్రగా వాచిపోయి, ఇసక పోసినట్టు మండేవి. నాయనమ్మ పచ్చి బంగాళాదుంప చక్రాల్లా కోసి కళ్ళ మీద పెట్టి, "కదలకు నాయినా, కదలకు" అంటూ పక్కన కూర్చుని విసిరేది. ఆ చక్రాలతో పడుకునే నాన్న నాకు ఎక్కాలు ఒప్పజెప్పించుకునేవాడు. తప్పు చెబితే కళ్ళు మూసుకునే నవ్వేవాడు.

జీతం రోజున నాన్న తిన్నగా ఇంటికి వచ్చేవాడు కాదు. ముందు సైకిలు యూనియనాఫీసు దగ్గర ఆపి, చందా కట్టి, రసీదు జేబులో పెట్టుకుని అప్పుడు వచ్చేవాడు. మిగతావాళ్ళెవరికీ ఆ తిప్పలు లేవు. కంపెనీ వాళ్ళే జీతంలోంచి చందా కోసి యూనియనుకి పంపేవారు. దానికి ఒప్పుకుంటూ ప్రతివాడూ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు, ఒక్క నాన్న తప్ప. "బావా, అందరిదీ ఒక దారి, నీదొక దారేటి?" అని మా మావయ్య విసుక్కునేవాడు. మావయ్య పేరు అప్పలరాజు, మా అమ్మకి అన్న, యూనియనుకి సెక్రటరీ. నాన్న నెమ్మదిగా చెప్పేవాడు: "నా సేత్తో నానిస్తే, ఏటి సేత్తన్నారని అడగ్గలను. కంపెనీ ఓడు కోసి మీకిచ్చీసేడనుకో, నాకూ మీకూ మజ్జిన ఆడు కూసున్నట్టే. రేపు ఆడి మాటినకుంటే ఆపీగలడు. అప్పుడు మీరు ఎవులి మాటింటారు?" మావయ్య అమ్మ వండిన నెత్తళ్ళ పులుసు ఇంకో గరిటె వేయించుకునేవాడు.

ప్రెసిడెంటుగారు గొట్టాల కంపెనీలో ఒక్క రోజు కూడా పనిచేసినవాడు కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి వన్ టౌన్‌లో ప్లీడరీ పెట్టిన మనిషి. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, మెడ మీద పౌడరు. మా పేటలోకి వచ్చినప్పుడు బురదని చూసి ముఖం చిట్లించుకోలేదు, అది ఒప్పుకోవాలి. ఒక ఏడాది బోనసు కోసం ఎండలో గేటు ముందు మూడు రోజులు కూర్చుని సాధించాడు. అదీ ఒప్పుకోవాలి. ఒకసారి విన్న పేరు మరిచిపోయేవాడు కాదు. పిల్లల పేర్లు కూడా. నేను ఇంటరు తప్పి, మళ్ళీ కట్టి పాసై, టైపు లోయరూ హయ్యరూ పూర్తి చేసిన సంగతి ఆయనకెలా తెలిసిందో గానీ, ఒక రోజు మావయ్య చేత కబురు పెట్టాడు. ఆఫీసులో టైపు పని, నెల జీతం. అమ్మ ఆ రోజు సింహాద్రప్పన్నకి టెంకాయ కొట్టింది. నాన్న మాత్రం అన్నం తింటూ తింటూ ఆగి, "ఒలే రత్నం, నాను పెశ్నలు అడిగే సోట నువ్వు జీతానికెళ్తే, నా నోరు కట్టీసినట్టు కాదేటే?" అన్నాడు. అమ్మ గరిటె గిన్నె మీద కొట్టింది. "నీ నోటికి ఇప్పుడేటి సంపాదన వస్తంది?" అంది. నాన్నే మర్నాడు నన్ను సైకిలు మీద ఆఫీసు దాకా దింపాడు.

ఆ ఆఫీసు నాకు నచ్చింది. దాచను. నెత్తి మీద ఫ్యాను తిరిగేది. మా ఇంట్లో ఫ్యాను లేదు. ఉత్తరం రాయించుకోవాలని వచ్చిన పెద్ద పెద్ద మగాళ్ళు నన్ను "అమ్మా" అని పిలిచేవారు. పొద్దున్నే వన్ టౌన్ హోటలు నుంచి ప్రెసిడెంటుగారికి ఇడ్లీ వస్తే, ఒక పొట్లం నాకూ పెట్టించేవాడు. టైపుకి ఉత్తరం చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుని, చేతులు కడుపు మీద పెట్టుకుని చెప్పేవాడు. ఒక్క మాట తడబడేది కాదు. అలాంటి తెలుగు నేను అంతకుముందు విని ఎరగను. కామా ఎక్కడ పడుతుందో ఆయన ఊపిరిని బట్టి తెలిసిపోయేది. కొన్నాళ్ళకి నేనూ ఇంటి దగ్గర అలాగే మాట్లాడబోతే, నాయనమ్మ "ఇదేటే, రేడియోనాగ మాటాడతంది?" అని నవ్వింది.

తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. ప్రెసిడెంటుగారికి ఒక పార్టీ టికెట్టు ఇచ్చింది. వారం తిరక్కుండా ఆఫీసు గోడ మీద జెండా రంగు మారింది. యూనియను జీపుకి మైకు కట్టారు. షిఫ్టు దిగినవాళ్ళని లారీలెక్కించి సభలకి తోలుకెళ్ళేవారు, రానివాళ్ళ పేర్లు మావయ్య రాసుకునేవాడు. అంతటితో ఆగలేదు. ఎలక్షను ఖర్చులకి ప్రతి మెంబరూ ఒక రోజు జీతం ఇవ్వాలని కమిటీ అనుకుంది. ఇవ్వడం కాదు, జీతంలోనే కోసెయ్యడానికి కంపెనీ వాళ్ళతో మాట్లాడుకున్నారు. కంపెనీ సంతోషంగా ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో అప్పుడు నాకు తట్టలేదు.

దానికోసం ఒక ఆదివారం కల్యాణమండపంలో జనరల్ బాడీ పెట్టారు. నేను వేదిక పక్కన బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినవాళ్ళ మాటలు రాసుకుంటున్నాను. తీర్మానం చదివారు, చప్పట్లు కొట్టారు. "ఎవరైనా మాట్లాడతారా?" అని మావయ్య అడిగాడు, ఎవరూ మాట్లాడరన్న ధీమాతో. వెనక వరసలోంచి నాన్న లేచాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకొచ్చాడని అప్పుడు చూశాను.

"ప్రెసిడెంటుగారూ, సిన్న ముక్కండి. మన యూనియన్లో అన్ని పార్టీలోళ్ళూ ఉన్నారండి. నాను మీకే ఓటెయ్యొచ్చు, ఎయ్యకపోనూ వచ్చు. అది నా ఇష్టమండి. నా రోజు కూలి మీ జెండాకి పెట్టడానికి నన్నడిగేరేటండి?"

ప్రెసిడెంటుగారు నవ్వాడు. మైకు దగ్గరికి జరిగి, "సింహాచలం, నేను అసెంబ్లీకి వెళ్ళేది ఎవరి కోసమయ్యా? నా కోసమా?" అన్నాడు. "కాదు, కాదు" అని మండపం అరిచింది.

"అయితే ఎల్లండి బాబూ, ఎవులొద్దన్నారు? ఎల్లి మాకేటి సేత్తారో సేసి రండి. అప్పుడు కోయక్కర్లేదు, మాయంతట మేమే తెచ్చి ఇస్తాం."

ఎవడో నవ్వాడు. తర్వాత ఇంకొకడు. మండపం అంతా కాదు, ఒక మూల మాత్రమే. కానీ ఆ నవ్వు వేదిక మీదికి వినబడింది. ప్రెసిడెంటుగారి ముఖం మారలేదు. భోజనాలప్పుడు నాన్నని తన పక్కన కూర్చోమని పిలిచాడు కూడా. నాన్న దండం పెట్టి, సైకిలెక్కి ఇంటికి పోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం ప్రెసిడెంటుగారు నన్ను పిలిచి, కాగితాల మధ్య కార్బను పెట్టమన్నాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. "సంఘ సమైక్యతకు భంగం కలిగించే విధంగా, యాజమాన్యం ప్రోద్బలంతో వ్యవహరించినందున..." నేను కొడుతూనే ఉన్నాను. అలాంటివి చాలా కొట్టాను. తర్వాతి మాటకి మా నాన్న పేరు వచ్చింది. టోకెను నంబరు వచ్చింది. నా వేళ్ళు ఆగిపోయాయి. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఏవమ్మా, ఆగిపోయావేం?"

నేను మిషన్లోని కాగితం చూస్తున్నాను.

"నీ ఉద్యోగానికి ఢోకా ఏమీ లేదు. నాన్న నాన్నే, నువ్వు నువ్వే. పిల్లల్ని నేను ఎప్పుడూ ఏమీ అనను. ఊఁ, వ్యవహరించినందున, సంఘ సభ్యత్వం నుంచి తొలగించడమైనది... కొట్టు."

కొట్టాను. నన్నెవరూ కొట్టమని తుపాకీ పెట్టలేదు. గుమ్మం పక్కనే ఉంది, లేచి పోవచ్చు. నెలాఖరుకి వచ్చే జీతమూ, నెత్తి మీద ఫ్యానూ, "అమ్మా" అనే మగాళ్ళూ, ఇవన్నీ నా మీద కూర్చున్నాయి. చివర్లో 'క్రమశిక్షణ' అన్న మాటలో వత్తు తప్పు పడితే రబ్బరుతో చెరిపి మళ్ళీ కొట్టాను కూడా. మావయ్య వచ్చి, చదవకుండా సంతకం పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. కవరు అంటించి, పోస్టుకి పంపమంటారా అని అడిగాను. ప్రెసిడెంటుగారు అప్పుడు కళ్ళు తెరిచాడు. "పోస్టెందుకమ్మా, నువ్వు వెళ్ళేది ఆ ఇంటికే కదా" అన్నాడు. కోపంగా కాదు, చాలా మామూలుగా, గుమ్మంలో చెప్పులు పక్కకి పెట్టమన్నట్టు.

నాకు ఆయన మీద ఉన్న పగ అంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. తర్వాత ఆయన చేసినవి దానికంటే పెద్దవే కావచ్చు, చాలామందికి తగిలినవే కావచ్చు. కానీ ఒక మనిషిని అవమానించడానికి అతని కూతురి చేతులు టైపు కొట్టడానికీ వాడుకుని, మోయడానికీ వాడుకున్నాడు. స్టాంపు ఖర్చు మిగులుతుందని కాదు. అలా చేస్తే ఇంకెవడూ అడగడానికి లేవడని ఆయనకి తెలుసు.

ఖాళీ క్యారేజీ సంచిలో ఆ కవరు పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. నాన్న పొద్దుటి షిఫ్టు చేసి వచ్చి, వాకిట్లో సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. నాయనమ్మ చేట ముందేసుకుని నెత్తళ్ళ తలలు తుంపుతోంది. కవరు ఇచ్చాను. చేతులు లుంగీకి తుడుచుకుని విప్పాడు. నిలబడే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"నువ్వే కొట్టేవా?"

"ఊఁ."

"తప్పుల్లేవు" అన్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మళ్ళీ వంగి గాలి కొట్టడం మొదలెట్టాడు.

నాయనమ్మకి చదువు రాదు. అమ్మ చదివి చెప్పింది. 'యాజమాన్యం ప్రోద్బలం' అంటే ఏమిటని అడిగి, కంపెనీ మనిషని అర్థమని తెలిశాక, చేట పక్కకి తోసేసింది. "కంపెనీ మనిసా? నా కొడుకా? ఓలి గుంటా, నీ సేతులతో కొట్టి, నీ సేతులతో మోసుకొచ్చేవేటే?" అంది. వారం రోజులు నా చేతి మంచినీళ్ళు తాగలేదు. అమ్మ ఉత్తరం కింద ఉన్న అన్న సంతకం వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత ఏ రోజూ మావయ్య ఇంటికి కూర గిన్నె పంపలేదు.

ఆ నెల జీతం రోజున నాన్న ఎప్పటిలాగే ఆఫీసుకి వచ్చాడు. నేను టైపు ముందే ఉన్నాను. చందా డబ్బులు తీసి మావయ్య బల్ల మీద పెట్టాడు. మావయ్య వాటిని ముట్టుకోకుండా, "బావా, రిజిస్టర్లో నీ పేరు లేదు. తీసుకోకూడదు" అన్నాడు. "తీసుకోనని రాసియ్యి" అన్నాడు నాన్న. మావయ్య తలొంచుకున్నాడు. నాన్న డబ్బులు తిరిగి జేబులో వేసుకుని వెళ్ళాడు. నేను అక్షరాలు లేని కాగితం మీద ఉత్తినే మీటలు నొక్కుతూ ఉండిపోయాను.

నెల తిరక్కుండా కంపెనీ నాన్నని వెల్డింగు నుంచి తీసి యాసిడ్ షెడ్డుకి మార్చింది. గొట్టాల తుప్పు వదలగొట్టడానికి యాసిడ్ తొట్టెల్లో ముంచే చోటది. యాజమాన్యం మనిషికి యాజమాన్యం ఇచ్చిన బహుమతి. దాని మీద యూనియను ఒక్క ఉత్తరం రాయలేదు. రాస్తే కొట్టాల్సింది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. క్యాంటీన్లో నాన్న ఉన్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. కుళాయి దగ్గర అమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. వినాయక చవితి చందాకి వచ్చినవాళ్ళు కూడా మా గుమ్మం వదిలేసి పోయారు. ఇంట్లో ఇనుము వాసన పోయి, గొంతులో గీరే ఇంకో వాసన వచ్చింది. దాంతోపాటు నాన్నకి దగ్గు పట్టుకుంది. అయినా నేను ఆ ఆఫీసుకే వెళ్ళాను. అమ్మ వెళ్ళమంది. నాన్న వద్దనలేదు. వద్దని ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక.

ప్రెసిడెంటుగారు గెలిచాడు. ఎమ్మెల్యేగారయ్యాడు. ఆఫీసులోకి సోఫా వచ్చింది. సారా దుకాణాల వాళ్ళూ, లారీల వాళ్ళూ, స్థలాల వాళ్ళూ వచ్చి అందులో కూర్చునేవారు. నెల నెలా చందా కట్టేవాడు మాత్రం బయట బెంచీ మీద. కొత్త వేతన ఒప్పందం నేనే కొట్టాను. అందులో ఒక వాక్యం ఉంది, అవసరాన్ని బట్టి కాంట్రాక్టు పనివాళ్ళని పెట్టుకోవచ్చని. ఒక రోజు జీతం కొయ్యడానికి కంపెనీ ఎందుకంత సులువుగా ఒప్పుకుందో ఆ వాక్యం కొడుతుంటే అర్థమైంది. రెండేళ్ళలో సగం షెడ్లు కాంట్రాక్టు వాళ్ళతో నిండిపోయాయి. ఒక పొద్దున్న గేటుకి తాళం, తాళం పక్కన లాకౌట్ నోటీసు.

జనం ఆఫీసుకి పరిగెత్తుకొచ్చారు. ఎమ్మెల్యేగారు హైదరాబాదులో ఉన్నారని చెప్పమన్నాడు, వెనక గదిలో కూర్చుని. చెప్పాను. రెండో రోజూ చెప్పాను. మూడో రోజూ చెప్పాను. నా గొంతు ఎంత మెత్తగా వచ్చేదో ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాలుగో రోజు వచ్చిన గుంపులో ముందు నాన్న ఉన్నాడు. పక్కన మావయ్య, గడ్డం పెరిగి. లోపలికి వచ్చేందుకు మావయ్యకే ధైర్యం లేదు. తీసేసిన మనిషిని ముందు పెట్టుకుని వచ్చాడు.

నాన్న నా బల్ల ముందు నిలబడి, పరాయి ఆఫీసులో గుమస్తాని అడిగినట్టు అడిగాడు. "ప్రెసిడెంటుగారున్నారా అమ్మా?"

"ఉన్నారు. వెనక గదిలో ఉన్నారు" అన్నాను.

మొదటి రోజు నుంచీ ఉన్నారని కూడా చెప్పాను. మూత తీసి ఉన్న టైపు మిషను అలాగే వదిలేసి, క్యారేజీ సంచి తీసుకుని బయటికి వచ్చాను. వెనక కేకలు వినిపించాయి. తర్వాత ఆయన గొంతు, తొణక్కుండా, కామాలతో సహా. మంత్రిగారితో మాట్లాడుతున్నానన్నాడు. అందరినీ శాంతించమన్నాడు. అందరూ శాంతించారు కూడా. అదీ ఆయన విద్య.

కంపెనీ మళ్ళీ తెరుచుకోలేదు. ఇచ్చిందేదో తీసుకుని సంతకాలు పెట్టారు. ఆయన ఇంకోసారి గెలిచాడు, తర్వాత ఓడాడు, పెద్ద ఆస్పత్రిలో మంచి మంచం మీద పోయాడు. నాన్న కొన్నాళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు. ఊపిరి ఆడనీయని దగ్గు ఆయన్ని యాభై తొమ్మిదో ఏట తీసుకుపోయింది. ఇప్పుడు గొట్టాల కంపెనీ స్థలంలో అపార్ట్‌మెంట్లున్నాయి. మా తమ్ముడి కొడుకు ఊరవతల మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద పన్నెండేసి గంటలు చేస్తాడు. మొన్న అడిగాను, మీకు యూనియను లేదట్రా అని. "యూనియన్లన్నీ దొంగ యాపారాలత్తా. నాయకులు ఎమ్మెల్యేలవడానికి" అన్నాడు. చేతికి యాసిడ్ మచ్చలున్నాయి, చూపించడు. అప్పట్లో కనీసం గేటు ముందు నిలబడితే అడగొచ్చన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే మా నాన్నలాంటివాళ్ళు చందా కట్టారు. ప్రెసిడెంటుగారు తిన్నది డబ్బు కాదు. డబ్బైతే ఎక్కడో అక్కడ తీరేది. మూడో తరం కుర్రాడి నోట్లోంచి 'అడగొచ్చు' అన్న మాట లాగేసుకుపోయాడు.

నేను ఉద్యోగం వదిలేసి వచ్చిన ఆ సాయంత్రం నాన్న చీకటి పడకముందే ఇల్లు చేరాడు. అరుగు మీద కూర్చుని దగ్గుతుంటే వేడినీళ్ళు తెచ్చిచ్చాను. ఆయన ముందు కూర్చోవడానికి ధైర్యం చాలక నిలబడే అడిగాను. "నీతో మాట్లాడనివాళ్ళ కోసం నువ్వెందుకెళ్ళావు నాన్నా? మావయ్య పిలిస్తే మాత్రం?"

నీళ్ళు మెల్లగా తాగాడు. గ్లాసు పక్కన పెట్టాడు. "ఆళ్ళు నన్ను తీసీసేరు గానీ, నాను ఆళ్ళని తియ్యలేదు కదేటే" అన్నాడు. నన్ను కూడా కలిపి అన్నాడని గొంతును బట్టి తెలిసింది.

నాకు ఆ మనసు రాలేదు. ఆయన తియ్యనివాళ్ళందరినీ నేను ఒక్కొక్కళ్ళనే తీసేశాను, మావయ్యతో సహా. అందరికంటే ముందు, తలెత్తకుండా కూర్చుని ఆ ఉత్తరం పూర్తి చేసిన పిల్లని తీసేశాను. ఆ పిల్లని మళ్ళీ చేర్చుకోవడం ఇంతవరకూ నా చేత కాలేదు.